అడిగి వేయించుకున్న ఎర్రగీత

నా చిన్నప్పుడు బాపట్లలో మా ఇంటి వసారాలో ఒక రేకుపెట్టె ఉండేది. మా తాతయ్య మిలటరీ నుంచి వచ్చేటప్పుడు తెచ్చుకున్న పెట్టె. దాని మూత మీద తెల్లరంగుతో ఆయన పేరూ, నంబరూ రాసి ఉండేవి. పొద్దున్నే ఆయన దానిమీద కూర్చుని కాఫీ తాగుతూ కథలు చెప్పేవాడు. అన్నిట్లోకీ నాకు ఇష్టమైంది లారీ కథ. యుద్ధంలో, కొండదారిలో, పైనుంచి గుండ్లు పడుతుంటే ఒక డ్రైవరు గాయపడ్డ పదకొండుమందిని లారీలో వేసుకుని కిందికి దిగాడు. ముందు అద్దం పగిలిపోయింది, ఒక టైరు పోయింది. "అయినా మనవాడు ఆపితేగా!" అని తాతయ్య తొడ చరిచేవాడు. ఆ మనవాడెవరని నేనెప్పుడూ అడగలేదు. తాతయ్య మిలటరీలో డ్రైవరు. వేరే అడగడానికి ఏముంది?

నాకు అప్పుడూ ఇప్పుడూ నోరు కాస్త ఎక్కువే. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి ఆ లారీని మా బడంతా తిప్పేశాను. నేను చెప్పేటప్పుడు "మనవాడు" పోయి "మా తాతయ్య" వచ్చాడు. పదకొండుమంది పాతికమంది అయ్యారు.

ఎనభైల్లో సంగతి. కాలవలకు నీళ్ళొదిలి ఊరిచుట్టూ నాట్లు పడుతున్న రోజులు. మిలటరీ రికార్డుల ఆఫీసు నుంచి టైపు చేసిన ఇంగ్లీషు ఉత్తరం ఒకటి వచ్చింది. తాతయ్యకు హిందీ గడగడా వచ్చు గాని ఇంగ్లీషు చదవడం రాదు. అందుకని నేనే చదివి చెప్పాను. యుద్ధంలో చూపిన సాహసానికి ఆయనకొక పతకం మంజూరైందట. చిరునామా సరిగా లేక ఇన్నేళ్ళూ అది వాళ్ళ దగ్గరే ఉండిపోయిందట. ఫలానా నంబరు గల డ్రైవరు మీరేనని సంతకం చేసి పంపితే పతకం పంపిస్తారట. అమ్మ అట్లకాడ పట్టుకునే వసారాలోకి వచ్చేసింది. నాన్న ఉత్తరం లాక్కుని మళ్ళీ చదువుకున్నాడు. నేను మర్నాడు ప్రార్థన గంట కొట్టకముందే హెడ్మాస్టరుగారి చెవిన వేసేశాను. పంద్రాగస్టుకు జెండా ఎగరేయడానికి మీ తాతయ్యనే పిలుద్దామన్నారాయన. ఆ పూట నా కాళ్ళు నేలమీద లేవు.

తాతయ్య మాత్రం రెండు రోజులు ఆ ఉత్తరం ముట్టుకోలేదు. మూడో రోజు పొద్దున కాఫీగ్లాసు పక్కన పెట్టి, "అది నాది కాదు. లారీ నడిపింది చిన్న" అన్నాడు.

చిన్న అంటే ఎవరో మా అందరికీ తెలుసు. తాతయ్యకు పినతండ్రి కొడుకు, నాకు చిన్నతాతయ్య. అప్పటికే పోయి చాలా ఏళ్ళయింది. వాళ్ళది అమృతలూరు దగ్గర పల్లె. ఆ రోజుల్లో ఆ పల్లెలకు పాస్టరుగారు ఎప్పుడో నెలకొకసారి వచ్చేవారు. వచ్చినరోజునే పెళ్ళిళ్ళూ, బాప్తిస్మాలూ అన్నీ. అలా ఒకే ఆదివారం అన్నదమ్ముల బిడ్డలిద్దరికీ బాప్తిస్మం ఇచ్చి, ఆ వేళ చదివిన వాక్యంలో ఉన్న పేరే ఇద్దరికీ పెట్టేశారు. ఇంటిపేరు ఎలాగూ ఒకటే. ఊళ్ళో పెద్ద, చిన్న అని పిలుచుకుంటే సరిపోయేది. ఇద్దరూ ఒకేరోజు మిలటరీలో చేరారు, ఇద్దరూ డ్రైవర్లే. నంబర్లలో చివరి అంకె ఒక్కటే తేడా. మిలటరీలో పెద్ద, చిన్న ఉండవు కదా.

"పోనీ లెండి నాన్నా, ఆయన లేడు. ఇప్పుడెవరికి నష్టం?" అన్నాడు మా నాన్న.

తాతయ్య నావైపు తిరిగాడు. "అమ్మడూ, లారీ నడిపింది నేనని నీకెప్పుడన్నా చెప్పానా?" అని అడిగాడు. లేదన్నాను. "కాదని కూడా చెప్పలేదు. నువ్వలా అనుకుంటున్నావని తెలుసు. వినడానికి బాగుండేది" అన్నాడు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. కోపం ఎక్కువ. పంద్రాగస్టు నా కళ్ళముందే కూలిపోయింది.

రెండో శనివారం బడికి సెలవు. తాతయ్య తెల్లచొక్కా వేసుకుని, మిలటరీ కొలువంతా రాసి ఉండే తన డిశ్చార్జి పుస్తకం సంచిలో పెట్టుకుని, నన్ను బయల్దేరమన్నాడు. చిన్నతాతయ్య భార్య రేపల్లెలో పుట్టింటివాళ్ళ దగ్గర ఉంటోంది. ఆవిడ దగ్గరున్న చిన్నతాతయ్య పుస్తకం చూసి, ఆయన నంబరు రాసుకుని, పతకం ఆవిడకు పంపమని అర్జీ పెట్టాలి. ఇంగ్లీషు చదవడానికి నేను. బాపట్లలో రైలెక్కి తెనాలిలో దిగి రేపల్లె పాసింజరు పట్టుకున్నాం. వేమూరు దాటేదాకా నేను మూతి ముడుచుకునే కూర్చున్నాను. భట్టిప్రోలులో తాతయ్య కాల్చిన మొక్కజొన్నపొత్తు కొనిచ్చాడు. కోపంతోనే తిన్నాను.

చిన్ననాయనమ్మ అక్కడొక బడి హాస్టల్లో వంటచేసేది. మమ్మల్ని చూడగానే చేతులు కడుక్కుని వచ్చి, "ఏంటి బావగారూ, ఇన్నాళ్ళకు తోవ తెలిసింది?" అంది. ఎత్తిపొడుపు కాదు, నిజంగా సంతోషపడింది. తాతయ్య ఉత్తరం సంగతి చెప్పాడు. లారీ సంగతీ చెప్పాడు. ఆవిడ విని, "మా ఆయనెప్పుడూ ఈ మాట చెప్పలేదే" అంది. తర్వాత మమ్మల్ని ఇంటికి తీసుకెళ్ళి, బీరువాలో చీరల కింద నుంచి పాతగుడ్డలో చుట్టిన పుస్తకం తెచ్చి నా చేతికిచ్చింది. ఇచ్చేటప్పుడు ఎందుకో తటపటాయించింది.

నేను హుషారుగా చదవడం మొదలుపెట్టాను. పేరు, నంబరు, తండ్రి పేరు, ఊరు. పేజీ తిప్పితే ఒకచోట ఎర్రసిరాతో రాసిన వరస కనిపించింది. అదీ పైకే చదివాను. సెలవు అయిపోయాక ఇరవైరోజులు ఆలస్యంగా వచ్చినందుకు శిక్ష, ఏ సంవత్సరమో దాంతో సహా. కింద ప్రవర్తన దగ్గర రాసిన మాట కూడా మంచిది కాదు.

తాతయ్య, "మళ్ళీ చదువు" అన్నాడు. మళ్ళీ చదివాను. తన సంచిలోంచి తన పుస్తకం తీసి అదే పేజీ చూడమన్నాడు. అక్కడ ఒక్క ఎర్రచుక్క లేదు. ప్రవర్తన ఉత్తమం అని ఉంది.

చిన్ననాయనమ్మ తలొంచుకుని మెల్లగా చెప్పింది. "గవర్నమెంటు జీపు డ్రైవరు ఉద్యోగానికి ఇద్దరూ కలిసే పెట్టుకున్నారు కదండీ. మీకొచ్చింది, ఈయనకు రాలేదు. ఈ ఎర్రగీత చూసే కాదన్నారంట. మీకు చెప్పొద్దన్నారు. పెద్ద నవ్వుతాడు అన్నారు. మిల్లు ట్రాక్టరు తోలుకుంటూనే పోయారండి." ఇంకా చిన్న గొంతుతో అంది. "అది కూడా కాదు బావగారూ. ఆ ఏడు సెలవే దొరకలేదని నాకు ఉత్తరం రాశారు. పుస్తకంలోనేమో సెలవు తీసుకున్నట్టుంది, ఆపైన ఇంకో ఇరవై రోజులు. ఇంటికి రాలేదు. మరి ఎక్కడికెళ్ళినట్టు? ఎవరి దగ్గర ఉన్నట్టు? నేనెక్కడికీ వెళ్ళలేదే అనేవారు. పోయేరోజు కూడా అదే మాట అన్నారు. నేను నమ్మినట్టే తలూపాను గాని..."

ఆ మాట బరువు నాకు ఆ రోజు తెలియలేదు. ఇరవైరోజుల ఆలస్యానికి ఇంత బాధేమిటనుకున్నాను. పెళ్ళయి, కాపురం చేసి, కొన్ని ప్రశ్నలు అడగకుండా ఎలా మింగుతామో తెలిశాక, ఆవిడ అన్నేళ్ళూ ఏం మోసిందో అర్థమైంది.

తాతయ్య కుర్చీలోంచి లేచాడు. లేచి ఆవిడ ఎదురుగా నేలమీద కూర్చున్నాడు. మరదలి ముందు అలా కింద కూర్చున్న బావగారిని నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. "అమ్మా, ఆ ఇరవైరోజులూ నావి" అన్నాడు. "నా కొడుకు పుట్టాడని సెలవు మీద వచ్చాను. బాప్తిస్మం చూసుకుని పోదామనుకున్నాను. వరదలకు దారి తెగి పాస్టరుగారు రాలేదు. వచ్చే ఆదివారం, వచ్చే ఆదివారం అని కూర్చుండిపోయాను. నాకు శిక్ష వేశారు, అనుభవించాను. ఒకసారి వానకు స్టోరు కురిసి మా పుస్తకాలు తడిస్తే గుమస్తా కొత్తవి రాశాడు. నా కొత్తపుస్తకంలో ఎర్రగీత లేదు. దొరగారు దయతలచి కొట్టేశారనుకున్నాను. ఎందుకు లేదని అడగలేదు. అది వాడి పుస్తకంలోకి వెళ్ళిందని నాకు తెలియదమ్మా. చిన్న ఎక్కడికీ వెళ్ళలేదు. ఆ ఏడంతా క్యాంపులోనే ఉన్నాడు. ప్రమాణం చేసి చెప్తాను."

ఆవిడ ఏడవలేదు. "అయితే ఆయన చెప్పింది నిజమేనా" అంది. మళ్ళీ, "నిజమేనా" అంది. లోపలికి వెళ్ళి చాలాసేపు రాలేదు. వచ్చి మాకు అన్నం పెట్టింది. చేపలపులుసు. తాతయ్య ముద్ద కలుపుతూ ఏడుస్తున్నాడు. ఆవిడ ఇంకాస్త పులుసు వడ్డించింది.

చిన్నతాతయ్య పుస్తకం కూడా ఆవిడ నడిగి తీసుకుని, తిరుగు ప్రయాణంలో తెనాలిలో దిగి, స్టేషను దగ్గర ఒక టైపు ఇన్స్టిట్యూటుకు వెళ్ళాం. అక్కడి మాస్టారు రెండు పుస్తకాలూ తిరగేసి, కళ్ళజోడు పైకి నెట్టుకున్నాడు. "ఏంటి బాబాయ్, లోకమంతా మచ్చ తీయించుకోవడానికి అర్జీలు పెడుతుంటే నువ్వు వేయించుకోవడానికి వచ్చావా?" అన్నాడు. పతకం సంగతి ఒక్కటే రాద్దామనీ, రెండోది రాస్తే పెన్షను మీదికి రావచ్చనీ మంచికే చెప్పాడు. తాతయ్య వినలేదు. "రెండూ రాయండి మాస్టారూ. ముందు ఎర్రగీత రాయండి, తర్వాత పతకం" అన్నాడు. వరస కూడా ఆయనే చెప్పాడు. మిషను టకటకలాడుతుంటే నేను తాతయ్య చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. నా కోపం ఎప్పుడు పోయిందో నాకు తెలియదు.

ఇంటికొచ్చి నాన్నకు అంతా చెప్పాం. ఎవరికి నష్టం అని అడిగింది ఆయనే. తన బాప్తిస్మం ఖరీదు ఇంకొకరి సంసారం మీద పడిందని ఆయనకు ఆరోజే తెలిసింది. పంద్రాగస్టు రోజున తాతయ్య మా బడికి వచ్చాడు. జెండా హెడ్మాస్టరుగారే ఎగరేశారు. తాతయ్య మైకు ముందు నిలబడి లారీ కథ చెప్పాడు. ఈసారి "మనవాడు" అనలేదు. చిన్నతాతయ్య పూర్తి పేరు, ఊరు, తండ్రి పేరు చెప్పాడు. పదకొండుమందే అని నావైపు చూసి మరీ చెప్పాడు. పిల్లలంతా నవ్వారు. నేను కూడా నవ్వక తప్పలేదు.

అర్జీకి జవాబు రావడానికి రెండేళ్ళు పైనే పట్టింది. మధ్యలో అది కావాలి, ఇది కావాలని ఎన్ని ఉత్తరాలో. ఊరి చర్చి బాప్తిస్మాల రిజిస్టరు నకలు ఒకటి, ఆ కాలపు సుబేదారుగారి వాంగ్మూలం ఒకటి. టైపు మాస్టారు మూడోసారి నుంచి డబ్బులు తీసుకోవడం మానేశాడు. చివరికి రెండు కొత్త పుస్తకాలూ, పతకమూ వచ్చాయి. తాతయ్య పెన్షను ఎవరూ ఆపలేదు గాని, ఆపినా ఆయన బాధపడేవాడు కాదనుకుంటాను.

ఆ ఏడు సమాధుల పండుగకు అందరం అమృతలూరు దగ్గర మా పల్లెకు వెళ్ళాం. సమాధులకు సున్నం వేసి, బంతిపూలు పెట్టి ఉన్నాయి. చిన్ననాయనమ్మ పతకం పెట్టెను తాతయ్య చేతికిచ్చి పట్టుకోమంది. దాన్ని తెరిచి కూడా చూడలేదు. కొత్తపుస్తకం మాత్రం నాకిచ్చి, చిన్నతాతయ్య సమాధి పక్కన నన్ను కూర్చోబెట్టి, "ఆ పేజీ చదువమ్మా" అంది.

నేను పేజీ తీశాను. "ఇక్కడ ఏమీ లేదు నాయనమ్మా. ఖాళీగా ఉంది" అన్నాను.

"అదే. ఆయనకు వినపడేట్టు చదువు."

"ఏమీ లేదు తాతయ్యా" అని గట్టిగా చదివాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అప్పుడు ఏడ్చింది.

తాతయ్య పోయాక రేకుపెట్టె నాకొచ్చింది. అందులో ఆయన కొత్తపుస్తకం ఉంది. అందులో ఎర్రసిరాతో ఒక వరస ఉంది. ముప్పయ్యేళ్ళు పంతులమ్మగా పనిచేశాను. నాది కాని మెచ్చుకోలు నా మీదికి వచ్చి వాలినప్పుడల్లా వినడానికి బాగానే ఉండేది, ఇప్పటికీ ఉంటుంది. అప్పుడు ఆ వరస గుర్తొస్తుంది. నేను కాదండీ, ఫలానావారు అని పేరు చెప్పేస్తాను. మీ తాతయ్య మిలటరీలో ఏం సంపాదించాడని మనవలు అడిగితే ఆ పేజీ తీసి చూపిస్తాను. వాళ్ళకు అర్థం కాదు. శిక్ష కదా నానమ్మా ఇది అంటారు. అవును, శిక్షే. కాని అది మా తాతయ్య సొంతం, అడిగి తెచ్చుకున్నాడు.