వెనక వరుస ముందుకొచ్చిన పూట

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది: చివరి వరుసలో నిలబడితే ఏ అవమానమూ మనల్ని కనిపెట్టలేదని. కొడకండ్లలో కొత్త ఉద్యోగం, జనగామ నుంచి రోజూ బస్సు, కూర్చుని కూర్చుని పెరిగిన ఒళ్ళు. దవాఖానలో డాక్టరమ్మ "గీ వయసుల బీపీ ఏందమ్మా?" అనేసరికి హడలిపోయి, మా వీధి అక్క పొద్దున్నే ఫంక్షన్ హాల్లో నేర్పే లైన్ డ్యాన్సులో చేరాను. జంట అక్కర్లేదు, వరుసలుగా నిలబడి అందరూ ఒకే అడుగులు వేయాలి. నేను నెల రోజులు ముందువాళ్ళ మడమలు చూసి నెట్టుకొచ్చాను. ఒక చుట్టు కాగానే పక్క గోడ వైపు తిరిగి మళ్ళీ మొదలుపెట్టడం అక్క ఆఖరి వారంలో నేర్పింది. ఆ వారం నాకు జ్వరం. (అబద్ధం. నిద్ర.)

హాలు యజమాని తల్లికి ఈ వ్యవహారం నచ్చలేదు. "ఆడోళ్ళు గిట్ల ఎగురుడేంది? హాలు ఇయ్యం" అంది. ఒక్కసారి చూసి చెప్పమని అక్క బతిమాలింది. ఆ అవ్వ కాదంటే క్లాసు ఆ పూటతో సరి. వచ్చింది, ముందు కుర్చీ వద్దని, మా వెనక తలుపు దగ్గర ఫ్యాను కింద కూర్చుంది.

పాట మొదలైంది. మొదటి చుట్టు బాగానే గడిచింది. అందరూ పక్కకు తిరిగారు, తిరిగాను. రెండో చుట్టు కాగానే మళ్ళీ తిరిగారు, తిరిగాను. నా ముందు ఒక్క మడమా లేదు. ఎదురుగా అవ్వ. వెనక అందరి కళ్ళూ నా కాళ్ళ మీద. బుర్ర ఖాళీ. కాళ్ళు మాత్రం చిన్నప్పటినుంచీ తెలిసిన పని చేశాయి: పక్కకు అడుగు, వంగి చప్పట్లు, అచ్చం బతుకమ్మ. నన్ను నమ్మి వెనకవాళ్ళూ వంగారు. ఇక వరుస నిలుస్తుందా? అంచులు వంగి వంగి గుండ్రమైపోయింది. నడిమధ్యన, బతుకమ్మ ఉండాల్సిన చోట, నోరు తెరుచుకుని అక్క మిగిలింది.

అవ్వ లేచింది. అయిపోయింది, క్లాసు ముంచేశాననుకున్నాను. ఆవిడ కొంగు బిగించి నా పక్కన చేరి, "జర వంగు పిల్లా, నడుము ఇరగదు!" అంది. ఆడినంతసేపు ఆడి, ఆయాసపడుతూ, "రేపు గూడ రాండ్రి. నేనూ వస్త" అంది.

అక్క నా చెయ్యి పట్టుకుని, ఏడుపో నవ్వో తెలియని గొంతుతో, "నేను నేర్పిందేందే, నువ్వు చేసిందేందే?" అంది. నేను తలొంచుకుని నా చెప్పులు వెతుక్కున్నాను.

అంత సిగ్గు మళ్ళీ ఎన్నడూ పడలేదు. ఇప్పుడు నలుగురిలో అడుగు తప్పినా నవ్వి ఊరుకుంటాను. చెవులు కాలిపోయేంత సిగ్గుపడిన ఆ పిల్ల ఎటు పోయిందోనని మాత్రం కొంచెం బెంగగా ఉంటుంది.