మేష్టారి తల పట్టుకుని రికార్డు చేసిన పాట

మాది రాక్ బ్యాండ్ అని మేము నలుగురమే అనుకునేవాళ్లం. అమలాపురంలో మిగతా అందరికీ ఆర్కెస్ట్రా కుర్రాళ్లం. పెళ్లిళ్లకి పిలిచినవాళ్లు సినిమా పాటలు వాయించమనేవారు. జనం విస్తళ్ల ముందు కూర్చున్నాక, ఇక ఎవరూ లేచి వచ్చి ఆపరన్న ధైర్యంతో మా సొంత పాట ఒకటి మధ్యలో దూర్చేవాళ్లం. అలా పోగైన పాటలతో ఎనభైల మొదట్లో ఒక క్యాసెట్ వేశాం. అన్నీ నేనే పాడాను. టీ కొట్టులో నా గొంతు వినబడుతుంటే పని లేకపోయినా ఆ వీధిలో రెండుసార్లు నడిచేవాణ్ణి.

రెండో క్యాసెట్ అనుకునేసరికి నలుగురిలో ఇద్దరం పనికి రాకుండా పోయాం. డ్రమ్ములు వాయించేవాడు గల్ఫ్ వెళ్లిపోయాడు. అతని బదులు గుడి మేళంలో డోలు వాయించే ఆయన్ని బతిమాలి తెచ్చుకున్నాం. రెండోవాణ్ణి నేను. నేను ఊళ్లోనే ఉన్నాను, గొంతే పోయింది. గొంతులో కాయలు కాశాయని, పాడడం మానేస్తే కనీసం మాట మిగులుతుందని కాకినాడ డాక్టరు చెప్పాడు.

మా నాయకుడు గిటారు వాయిస్తాడు, నాకు చిన్నప్పటి నుంచీ స్నేహితుడు. నా బదులు ఒక స్కూలు మేష్టారిని తీసుకొచ్చాడు. ఐనవిల్లి వైపు వేదపండితుల ఇంటి మనిషి. పంచె కట్టుకుని వచ్చి, చెప్పులు గుమ్మం బయట విడిచి, డోలు పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. కంచు కంఠం. మా పాటలు పాడతారా అంటే, అవునండీ అనడానికి మా వైపు అనే మాటే, "ఆయ్" అన్నారు. నాకు ఒళ్లు మండింది. మావాళ్లు నా చేతికి గలగలలాడే బిళ్లల టాంబురిన్ ఒకటి ఇచ్చి ఆడించమన్నారు. నాకు ఒక్క పాట ఉంచమని నాయకుణ్ణి అడిగాను. అది నేనే రాసి, నేనే బాణీ కట్టిన పాట. దాన్ని కూడా ఇంకొకరు పాడితే ఆ బ్యాండులో నాకిక పనేముంది? చూద్దాంలే అన్నాడు.

రికార్డింగు నాయకుడి ఇంట్లోనే, కురిడీ కొబ్బరి ఆరబెట్టే అటక కింద గదిలో. చప్పుడు రాకుండా గోడలకి పీచు పరుపులు ఆనించాం. టేపు రికార్డరు అద్దెది. అందరూ ఒక్కసారే వాయించాలి, ఒక్కసారే పాడాలి. ఎవరు తప్పినా మళ్లీ మొదటికే.

ముందు నా పాటే మేష్టారి చేత పాడించారు. పాడాక టేపు వెనక్కి తిప్పి విన్నాం. ఆయన గొంతు ఒక మాటకి గదిలో, ఇంకో మాటకి వీధిలో ఉన్నట్టు వచ్చింది. ఏమిటా అని చూస్తే, స్వరం దిగినప్పుడల్లా ఆయన తల దిగుతోంది, లేచినప్పుడల్లా లేస్తోంది. మైకేమో కదలదు.

చిన్నప్పుడు వాళ్ల నాన్నగారు తల పట్టుకుని, స్వరానికి తగ్గట్టు వంచీ ఎత్తీ వేదం చెప్పారట. ఇప్పుడు వద్దనుకున్నా అది ఆగదట. చేతులు కట్టుకుని పాడారు, గోడకి ఆనుకుని పాడారు. మధ్యాహ్నం దాటిపోయింది. నేను లోలోపల సంతోషించాను, దాచడం దేనికి.

చివరికి నాయకుడు విసిగిపోయి, నీ పాట నువ్వే పాడు అన్నాడు. మైకు ముందు నిలబడ్డాను. పల్లవి నిలబడింది. చరణంలో పై స్వరం దగ్గర గొంతు చీలింది. మళ్లీ పాడాను, మళ్లీ అక్కడే. మూడోసారి గాలి తప్ప ఏమీ రాలేదు. డోలాయన తువ్వాలుతో చేతులు తుడుచుకున్నారు. మంచినీళ్ల వంక పెట్టుకుని బయటికి వచ్చి, అరుగు మీద కూర్చుని ఏడ్చాను.

కాసేపటికి మేష్టారు వచ్చి పక్కన కూర్చున్నారు.

"మీరు నా తల పట్టుకోండి," అన్నారు. "నాన్నగారు వంచడానికి పట్టుకునేవారు. మీరు వంగకుండా పట్టుకోండి. ఎక్కడ లేస్తుందో, ఎక్కడ దిగుతుందో మీకంటే ఎవరికి తెలుసండి? మీ పాటే కదా."

ఆ మాటకి నేను కరిగిపోయాననుకుంటే పొరపాటు. కాదంటే క్యాసెట్ నా వల్లే ఆగిపోయిందంటారని లేచాను.

ఆయన వెనక నిలబడి, కణతలు రెండు అరచేతులతో పట్టుకున్నాను. ప్రతి మలుపూ నాకు తెలిసిందే కాబట్టి తల కదలబోయే ముందే చేతులు బిగించేవాణ్ణి. చరణం వచ్చింది. నా గొంతు చీలిన చోట ఆయన తల ఒక్కసారిగా పైకి లేవబోయింది. గట్టిగా పట్టాను. ఆ స్వరం ఆయన ఎముకల్లోంచి నా అరచేతుల్లోకి దిగింది. గొంతు బాగున్న రోజుల్లో కూడా నేను అక్కడ సగం పాడి, సగం దాటేసేవాణ్ణి. ఆయన దాటలేదు, నిలబెట్టి పాడారు.

టేపు తిప్పి విన్నాం. ఒక్క మాట కూడా దూరం పోలేదు. నాయకుడు నా వైపు చూడకుండా తరవాతి పాట శ్రుతి చూసుకున్నాడు.

నేను మేష్టారి దగ్గరికి వెళ్లాను. మా వైపు ఒకరు తగ్గి మాట్లాడితే రెండోవారు ఇంకా తగ్గడం మర్యాద. నేనొక మాట అంటాను, ఆయన అయ్యో అలా అనకండి అంటారు, అదొక ఊరట అనుకున్నాను.

"నాకంటే మీరే బాగా పాడేరండి," అన్నాను.

మేష్టారు ఒక్క క్షణం నా మొహంలోకి చూశారు.

"ఆయ్," అన్నారు.