ఫల్కున్ అక్క వాటా

కంబోడియాలో తొన్లేసాప్ సరస్సు మీద తేలే మా ఊళ్లో పంతొమ్మిదేళ్లు కాన్పులు చేసిన మనిషి ఫల్కున్ అక్క. నా పేరు రోన్. పడవ నడుపుతాను. ఆస్పత్రికి చేర్చాల్సిన వాళ్లను నా పడవలోనే ఎక్కించేవాళ్లు. ఆమె గురించి చెప్పే హక్కు నాకుందో లేదో తెలియదు, అవసరం మాత్రం ఉంది.

మనిషి పొట్టి, గొంతు పెద్దది. నెప్పులు పడుతున్న ఆడవాళ్లను తిట్టేది, గుమ్మంలో గోళ్లు కొరుక్కునే మొగుళ్లను ఇంకా ఎక్కువ తిట్టేది. "ఏరా, తొమ్మిది నెలల కిందట లేని భయం ఇప్పుడెక్కణ్ణుంచి వచ్చింది?" అని ఆమె అంటే, లోపల మూలుగుతున్న పిల్ల కూడా ఫక్కున నవ్వేది. కాన్పుని మావాళ్లు ఏరు దాటడం అంటారు. ఆమె చేతి మీద కొన్ని వందలమంది ఏరు దాటారు.

చెందా దాటలేదు.

ఏప్రిల్ నెల. సరస్సు ఎండి బురద పైకి తేలిన రోజులు. చెందాకి అది రెండో కాన్పు, ఆడపిల్ల పుట్టింది. మాయ కూడా సక్రమంగానే పడింది. ఆ తరవాత రక్తం ఆగలేదు. ఫల్కున్ అక్క సూది వేసింది, పొత్తికడుపు మర్దన చేసింది, చివరికి నన్ను కేకేసింది. ఆస్పత్రికి పెద్ద కాలువ మీదుగా వెళ్తే గంటన్నర పడుతుంది. నేను తొందరలో రెల్లు మధ్యనుంచి అడ్డదారి పట్టాను. సగం దూరం పోయాక మోటారు బురదలో కూరుకుపోయింది. నడినెత్తిన ఎండ. తొడల దాకా బురదలో దిగి పడవను నెట్టాను. ఫల్కున్ అక్క పిడికిలితో కడుపు అదిమిపట్టి, "నన్ను చూడు చెందా, నన్నే చూడు" అంటూనే ఉంది. కొంతసేపటికి ఆ మాట ఆగిపోయింది. నేను తల తిప్పి చూడలేదు. పడవ నెడుతూనే ఉన్నాను.

అంత్యక్రియలయ్యాక పదిరోజులు ఫల్కున్ అక్క పనికి వెళ్లింది. తరవాత మానేసింది. సరుకులమ్మే కొట్టుపడవ దగ్గర ఆడవాళ్లు మాటలాపితే తన గురించేనని వెనుదిరిగేది. నిజానికి ఆమె ముందు ఏం మాట్లాడాలో వాళ్లకి తెలియక ఆగేవాళ్లు. చెల్లెలి కొడుకుని ఎత్తుకోమంటే చేతులు వెనక్కి దాచుకుంది. "అంతమందిని బతికించావు కదక్కా" అని చెల్లెలు ఏడిస్తే, "వాళ్లు వాళ్ల అదృష్టం కొద్దీ బతికారు. నేను చేసింది ఇదొక్కటే" అంది. తిండి తగ్గింది, నిద్ర పోయింది. ఊరంతా ఒకటే మాట: ఆలోచన ఎక్కువైంది. ఒంట్లో పట్టిన చెడుగాలి దిగుతుందని నాణెంతో వీపంతా ఎర్రగా గీకారు. గుడి నుంచి మంత్రజలం తెచ్చి తలమీద పోశారు. తడిసిన జుట్టుతో సాయంత్రం దాకా అలాగే కూర్చుంది.

మూడో నెలలో నేను చేపలిద్దామని వెళ్తే బట్టలు మూట కడుతోంది.

"ఎక్కడికక్కా?"

"పట్నం. బట్టల ఫ్యాక్టరీకి. యంత్రానికి ప్రాణం ఉండదు కదా, పోగొట్టడానికి."

ఆ మాటతో నాలో మూడు నెలలుగా బిగబట్టింది తెగిపోయింది. "నువ్వెందుకు పోవడం? చంపింది నేను. పెద్ద కాలువ వదిలేసి అడ్డదారి పట్టింది నేను" అన్నాను.

ఆమె మూట వదిలేసి నా మీదికి వచ్చింది. "నువ్వు చంపడమేంట్రా, తలకాయ లేదా? ముందురోజు ఆ దారిన పడవలు పోలేదా? రాత్రికి రాత్రి బురద లేస్తుందని నీకు కలొచ్చిందా? తొందరపడింది ఎందుకు, ఆ పిల్ల బతకాలనే కదా!"

"మరి ఆ మాటే నీకు నువ్వు చెప్పుకోవేం?"

ఆమె మూట పక్కనే కూర్చుంది. తరవాత గొంతు తగ్గించి అంది: "నీకు తెలియదు రోన్. బిడ్డను తుడిచి పక్కన పడుకోబెట్టాక నేను గంజి తాగుతూ కూర్చున్నాను. తెల్లారినప్పటి నుంచి ఏమీ తినలేదు. అరగంట. ఆ అరగంటా చెందా దుప్పటి ఎత్తి చూడలేదు. చెందా అత్తకి అది తెలుసు. అందుకే నన్ను చూస్తే మొహం తిప్పేసుకుంటోంది."

"తెలుసని ఆవిడ అందా?"

"అనక్కర్లేదు."

"అందా, లేదా?"

"... లేదు."

"అయితే అడుగుదాం పద."

ఆమె రానంది. నేను పడవ తెచ్చి అరుగుకి ఆనించి కూర్చున్నాను. చాలాసేపటికి వచ్చి ఎక్కింది.

చెందా అత్త తూచ్ అవ్వ పసిదాని ఉయ్యాల తాడు లాగుతూ కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి మొహం తిప్పుకుంది. ఫల్కున్ అక్క గడప దగ్గరే కూలబడి, అరగంట సంగతి దాచకుండా చెప్పేసింది.

అవ్వ తాడు లాగడం ఆపలేదు. "నువ్వు గంజి తాగుతుంటే నేను గుడ్డలు మార్చాను. రెండుసార్లు. రెండూ తడిసి ముద్దయ్యాయి. కాన్పయ్యాక నెత్తురు పోవడం మామూలే కదా, నాకూ పోయింది కదా అనుకున్నా. నీతో అనలేదు. అలిసిపోయి ఉంది, తిననీలే అనుకున్నా."

ఉయ్యాల కిర్రుమంటోంది.

"నేను మొహం తిప్పుకుంది కోపంతో అనుకున్నావా?" అంది అవ్వ. "నీ మొహంలోకి చూడలేకే."

"అయితే నా మీద కోపం లేదా, అవ్వా?"

"ఎందుకుండదు? నీ మీద ఉంది. వీడి మీదా ఉంది. అన్నిటికంటే నా మీదే ఎక్కువ. ఊరికే క్షమించానంటే అది అబద్ధమే. చచ్చింది నేను కాదు, క్షమించడానికి."

తిరిగి వచ్చేటప్పుడు ఫల్కున్ అక్క పడవ అంచు పట్టుకుని ఏడ్చింది. చెందా పోయాక ఆమె ఏడవడం అదే మొదటిసారి. ఇంటి దగ్గరికి రాగానే, "ఒక్క చావుకి ముగ్గురు హంతకులేంట్రా? ఒక్కొక్కళ్లం మొత్తం నాదేనంటున్నాం" అంది.

"మొత్తం కాదక్కా."

"కాదు. అరగంట నాది. అది నేను మోస్తాను. బురదని మాత్రం మొయ్యలేను."

మూట విప్పేసింది. అంతటితో బాగైపోయిందని కాదు. చెందా పోయిన ఐదో నెలలో మళ్లీ మొదటిసారి కాన్పుకి వెళ్లినప్పుడు బొడ్డుతాడుకి వేసే ముడి రెండుసార్లు జారిపోయి, చెల్లెలు పట్టుకోవాల్సి వచ్చింది. కొన్ని పొద్దుల్లో లేవలేకపోయేది. అటువంటప్పుడు గుమ్మంలో కూర్చుని తనతో తనే పైకి వాదించుకునేది: "అందరూ నన్ను అసహ్యించుకుంటున్నారా? ఎవరన్నారు? పేరు చెప్పు." పేరు దొరక్కపోతే లేచి మొహం కడుక్కునేది. ఒక్కోసారి పేరు దొరికేది. చెందా మొగుడు నిజంగానే ఆమెను అసహ్యించుకున్నాడు, నన్ను కూడా. ఏడాది తిరక్కుండా థాయ్ చేపల పడవల్లో పనికిపోయాడు, తిరిగి రాలేదు.

అప్పట్నుంచి ఏ కాన్పయ్యాకైనా రెండు గంటలు తల్లి పక్కనుంచి కదిలేది కాదు. గంజి అక్కడే తాగేది, ఒక చేత్తో దుప్పటి ఎత్తి చూస్తూ. గుడ్డ తడిస్తే ఎవరైనా సరే అరిచి చెప్పాలని ఇంటివాళ్లందరికీ చెప్పేది. ఎండాకాలం వస్తే కాలువల లోతు నాచేత వెదురుబొంగుతో కొలిపించేది.

అలా ఎనిమిదేళ్లు చేసింది. ఐదో ఏట ఇంకో తల్లి పోయింది, కాళ్లూ చేతులూ కొట్టుకునే మూర్ఛ జబ్బుతో, ఆస్పత్రి మెట్ల మీద. ఫల్కున్ అక్క మూడురోజులు ఇంట్లోంచి బయటికి రాలేదు. నేను వెళ్లి పిలిస్తే, "ఇవాళ వద్దు, ఇంకా వెతుక్కుంటున్నాను, ఇందులో నాదెంతో" అంది.

నాలుగో రోజు పొద్దున సంచీ భుజాన వేసుకుని రేవులోకి వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి. పడవెక్కి, ఎవరింటికి పోవాలో చెప్పింది.