లచ్చన్న నడపనన్న బండి

మా క్యాంపులో లచ్చన్నను తిట్టని నోరు లేదు. ఆ నోళ్ళలో నాదీ ఒకటి. అందుకే ఇది రాస్తుంటే నా మీద నాకే రోత పుడుతోంది.

లచ్చన్నది జగిత్యాల దగ్గర పల్లె. యాభై దాటిన మనిషి, ఒమన్‌లో పంతొమ్మిదేళ్ళుగా డ్రైవరు. అక్కడి దుక్మ్ ఊళ్ళో మా కంపెనీకి వచ్చి నాలుగేళ్ళయింది. రోజూ అందరికంటే ముందు లేచి బండి చుట్టూ తిరిగేవాడు. ఒక్కో టైరు మీద అరచెయ్యి పెట్టి నిమిరేవాడు. ఇసుకలోకి దిగేముందు గాలి ఎంత తీసెయ్యాలో, రోడ్డెక్కాక ఎంత పట్టాలో మీటరు చూడకుండానే చెప్పేవాడు. నాది కడప జిల్లా, పేరు జిలాని, కడ్డీలు కట్టే పని. "ఏం లచ్చన్నా, బర్రెను నిమురుతాండావా?" అని నేను ఏడిపించేవాణ్ణి.

మొన్న ఏప్రిల్‌లో మా క్యాంపు మేనేజర్ ప్రభాకర్ మస్కట్ నుంచి ఏడుగురు పట్టే పాత బండి ఒకటి కొనుక్కొచ్చాడు. ఎక్కడో మంచు కురిసే దేశంలో తిరిగిన బండి. టైర్ల నిండా వందల కొద్దీ ఇనుప మేకులు. గడ్డకట్టిన రోడ్డు మీద జారకుండా కొడతారట. ఇక్కడ ఐస్ అనేది ఫ్రిజ్‌లో తప్ప కనబడదు. "మేకులున్నాయి కదా, ఇసకలో భలే పట్టు ఉంటుందయ్యా" అని ప్రభాకర్ మురిసిపోయాడు. తెలియనిది తెలియదని ఒప్పుకునే మేనేజర్‌ను నేనింతవరకు చూడలేదు.

రోడ్డెక్కితే ఆ బండి గచ్చు మీద రేకు డబ్బా ఈడ్చినట్టు కరకరలాడేది. బ్రేకు వేస్తే ఆగాల్సిన చోట ఆగేది కాదు. ఇసుకలో ఆ మేకులు చేసిందేమీ లేదు, ఎప్పటిలాగే గాలి తీసి నడపాల్సిందే. మే నెల వచ్చేసరికి, చలి కోసం చేసిన ఆ మెత్తటి రబ్బరు ముక్కలు ముక్కలుగా ఊడడం మొదలైంది. మేకులూ ఊడి ఎగిరేవి. ఒకటి వెనకొచ్చే నీళ్ళ ట్యాంకర్ అద్దం పగలగొట్టింది. లచ్చన్న ఊడిన మేకుల్ని గుప్పిట్లో పట్టుకుని ఆఫీసుకు వెళ్ళాడు.

"సార్, గివి సలి దేశం టైర్లు. గీ ఎండకు ఆగయి. ఎప్పుడో ఒకనాడు పేలుతయ్."

"ఇంకా సగం గాడి ఉంది వాటికి. నీకు నడపడం చేతకాకపోతే చెప్పు, ఇంకో డ్రైవర్ని చూసుకుంటా" అన్నాడు ప్రభాకర్.

జూన్‌లో మేం ఐదుగురం సెలవు మీద ఇంటికి బయల్దేరాం. సాయంత్రం మస్కట్‌లో ఫ్లైట్. ఐదువందల కిలోమీటర్ల పైమాట, దారంతా ఎడారి. మాలో కుమార్ తన ఎనిమిది నెలల కొడుకును ఫోన్‌లో తప్ప చూడలేదు. నేను ఇంటి మొహం చూసి రెండేళ్ళు. సూట్‌కేసులు బండి మీద కట్టాక లచ్చన్న టైర్లు నిమురుతూ వెనక ఆగిపోయాడు. వెనక టైరు పక్కన కోడిగుడ్డంత ఉబ్బు ఉంది.

"నేను నడప. మీరు గూడ ఎక్కకుండ్రి" అన్నాడు.

"స్టెప్నీ వేసుకుని పోవయ్యా" అన్నాడు ప్రభాకర్.

"గది ఇంకా అధ్వాన్నం సార్."

"అయితే తాళం ఇటివ్వు. వంట హసన్‌కి లైసెన్సుంది, వాడు నడుపుతాడు" అని ప్రభాకర్ హసన్‌ను పిలవడానికి పోయాడు.

కుమార్ ఏడుపు గొంతుతో, "నీ కాల్మొక్త లచ్చన్నా, ఫ్లైట్ పోతది, నడుపు" అన్నాడు. నేను అంత మర్యాదగా కూడా అడగలేదు. "ముసిలోడివై భయం పట్టుకున్యాది నీకు. సావు భయముంటే ఊరికి పో, మా దావకెందుకు అడ్డమొస్తావ్?" అన్నాను.

 లచ్చన్న కింద కూర్చుని నాలుగు టైర్ల వాల్వు పిన్నులూ విప్పేశాడు. స్టెప్నీదీ విప్పాడు. బండి బుస్సుమంటూ కుంగిపోయింది. ఐదు పిన్నుల్నీ బాత్‌రూముల పక్కనున్న మురుగు గుంటలో పారేశాడు. ఊళ్ళో షాపు తెరిపించి కొత్త పిన్నులు తెచ్చేసరికి మా ఫ్లైట్ టైము దాటిపోయింది. ఆ రోజు నేను లచ్చన్న మంచం దగ్గర ఉమ్మేశాను. అది తలుచుకుంటే ఇప్పుడు నా నోరే నాకు కంపు కొడుతుంది.

లచ్చన్న వీసా క్యాన్సిల్ చేశారు. టికెట్ వచ్చేదాకా క్యాంపులోనే ఉండమన్నారు. మా ఐదుగుర్నీ మళ్ళీ టికెట్లు దొరికేదాకా సైటు పనికి పొమ్మన్నారు. ఎవరూ అతనితో మాట్లాడలేదు, పక్కన కూర్చుని తినలేదు.

నాలుగో రోజు ఆ మేకుల బండికి నాలుగు కొత్త టైర్లు వచ్చాయి. బిగించడానికి నన్ను పిలిచారు. ప్రభాకర్ భార్య రాజేశ్వరి, ఇద్దరు పిల్లలు విజిట్ వీసా మీద మస్కట్‌లో దిగుతున్నారట.

"పిల్లలెక్కే బండయ్యా. ఆ మేకుల టైర్లతో ఎలా తీసుకొస్తాం, ప్రమాదం కదూ" అన్నాడు ప్రభాకర్, టీ తాగుతూ, మామూలుగా.

 ఛీ, అదేం మనిషి! ఆ మాట మొహం మీద అనలేదు గానీ. తలూపి బోల్టులు బిగించాను.

విప్పిన టైర్లను పారెయ్యలేదు. మమ్మల్ని సైటుకు తీసుకెళ్ళే పాత వ్యానుకి అదే సైజు. వాటిలో కాస్త బాగున్నవని నాలుగు ఏరి దానికి వేయించారు.

మర్నాడు పొద్దున ఆ వ్యాను గేటు దగ్గర నిలబడింది. లచ్చన్న తన సూట్‌కేసు మీద కూర్చుని టైర్ల వంక చూశాడు, తర్వాత నా వంక చూశాడు.

"జిలానీ, ఎక్కకురా" అన్నాడు.

ఫోర్‌మన్ లోపల్నుంచి డ్యూటీకి టైమవుతోందని అరిచాడు. నా వెనక కుమార్, ఇంకా ఆరుగురు వరసలో ఉన్నారు. లచ్చన్న మొహం చూడకుండా అందరికంటే ముందు నేనే ఎక్కాను.