పత్తిగదిలో ఎంచుకున్న పెట్టె

నాకు గర్వం ఎక్కువని మా ఊళ్ళో అందరికీ తెలుసు. దాన్ని దాచుకోవాలని నాకెప్పుడూ అనిపించలేదు. పర్చూరు దగ్గరి మా పల్లెలోనూ, చుట్టుపక్కల ఐదారు ఊళ్ళలోనూ ఎలక్ట్రిక్ గిటారు వాయించే ఆడపిల్లను నేనొక్కదాన్నే. ఆ మాటకొస్తే మగపిల్లలు కూడా ఇద్దరే. వాళ్ళలో ఒకడికి తీగలు శ్రుతి చేసుకోవడం నేర్పింది నేనే.

నాన్న రెండెకరాలు కౌలుకు చేసేవాడు గానీ ఊళ్ళో ఎవరూ ఆయన్ని రైతు అనేవారు కాదు. మైకుసెట్టాయన అనేవారు. పెళ్ళయినా, చావయినా, ఎన్నికలయినా, క్రిస్మసయినా, పోలేరమ్మ కొలుపయినా ఆయన గొట్టం స్పీకర్లు కట్టాల్సిందే. సరుగుడు బాదుకు గొట్టం బిగించి, దాన్ని ఏ వైపు ఎంత తిప్పితే ఏ చేలో వాళ్ళకు వినపడుతుందో ఆయనకు కొట్టినపిండి. నేను డిగ్రీ పూర్తిచేసి ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతూ, ఆదివారాలు చర్చిలో గిటారు వాయించేదాన్ని. గిటారుకంటూ విడిగా యాంప్ లేదు. నాన్న యాంప్లిఫయర్‌కు మైకు తగిలించే చోటే గిటారు వైరు తగిలించేవాళ్ళం. రేకుడబ్బా మీద గోరు గీసినట్టు వచ్చేది శబ్దం.

ఏటా ఫిబ్రవరిలో మా చర్చి సంఘం మూడు రోజులు ప్రార్థన కూడికలు పెడుతుంది. కోసేసిన మినుము చేలో పందిరి వేస్తారు, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ట్రాక్టర్ల మీద జనం వస్తారు. గొట్టాలు నాన్నవే, సంగీతం మాత్రం ఎప్పుడూ గుంటూరు పార్టీది. రెండువేల అయిదో, ఆరో, ఆ ఏడు పెద్దల మీటింగులో నాన్న లేచి, "ఈసారి గిటారు మా అమ్మాయి వాయించుద్ది" అన్నాడు. మా సంఘ పెద్ద రిటైరైన హెడ్మాస్టరు గారు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఆడపిల్ల కదా, కీబోర్డయితే చూడటానికి బాగుంటుందేమో" అన్నారు. "చూట్టానికి కాదు గదండీ, వినటానికి" అన్నాడు నాన్న.

చివరికి తేల్చింది ఏమిటంటే, మొదటిరోజు నేను వాయించాలి. బాగుంటే సరే. బాగోకపోతే రెండోరోజు పొద్దున్నే గుంటూరు పార్టీకి కబురు వెళ్తుంది. అంటే వాళ్ళొచ్చి సర్దుకుంటుంటే నేను అందరి ముందూ నా వైర్లు చుట్టుకుని దిగిపోవాలి. ఆ మీటింగు సంగతి ఇంటికొచ్చి చెప్పినప్పుడు నాన్న మామూలుగానే అన్నం తిన్నాడు. నేను మాత్రం సగంలోనే కంచం తోసేశాను. భయం వల్ల కాదు, కీబోర్డు మాటకి.

ఆ రేకుడబ్బా శబ్దంతో కూడికల్లో కూర్చుంటే గుంటూరు పార్టీకి కబురు పెట్టే పని నేనే చేసినట్టు. నిజం గిటారు యాంపులు మా వైపు దొరికేవి కావు, దొరికినా నలుగురు మోయాలి. అప్పటికి కొత్తగా వస్తున్నవి మోడలర్లు. మా వాళ్ళందరూ ప్రాసెసర్ అనేవారు. రకరకాల పెద్ద యాంపులు ఎలా మోగుతాయో ఆ చిన్న పెట్టె అనుకరిస్తుంది. గిటారు దానికి తగిలించి, అక్కడి నుంచి వైరు నేరుగా మైకుసెట్టుకు ఇవ్వొచ్చు, కంప్యూటరుకూ ఇవ్వొచ్చు. రెండోది నాకు ఇంకా ముఖ్యం. మా ఇంటి పక్కన పిండిమర. మైకు పెట్టి గిటారు రికార్డు చేస్తే పాట వెనకాల మర తిరుగుతూనే ఉండేది. మా చర్చి ఆడవాళ్ళ పాటలు ఇంట్లోనే రికార్డు చెయ్యాలని నాకు ఎప్పటినుంచో కోరిక.

గుంటూరులో గొట్టాల్లో శబ్దం పుట్టించే డయాఫ్రాములు మార్చే దుకాణాయన నాన్నకు పాతికేళ్ళ పరిచయం. వాద్యాలు కూడా అమ్ముతాడు. ఆయన రెండు ప్రాసెసర్లు అట్టపెట్టెలో పెట్టి, "ఇంటికి తీసుకెళ్ళి వాయించుకో అమ్మా. నచ్చింది ఉంచుకుని రెండోది వారంలో పంపించు" అన్నాడు. నాన్న ముఖం చూసి ఇచ్చాడు, నా ముఖం చూసి కాదు. అది నాకు తెలుసు.

ఒకటి ఎర్రది. దానికి చిన్న తెర, వరసగా లైట్లు, వంద రకాల శబ్దాలు. రెండోది నల్లది. ఇనప పెట్టె, ఏడెనిమిది తిప్పుడు బటన్లు, అంతే. పెయింటు కూడా అక్కడక్కడా లేచిపోయింది.

ఆ రోజుల్లో మా ముందుగదిలో పత్తి ఉంది. రేటు కోసం ఆగిన పత్తి. మా వైపు అది మామూలే. గది నిండా పోసేస్తారు, మనుషులు వసారాలో సర్దుకుంటారు. కిటికీ సగం దాకా పత్తి, మూలల్లో నా నెత్తిని దాటి పత్తి. నేను మధ్యలో గుంట చేసుకుని, స్కూల్లో తీసేసిన కంప్యూటరు, ఒక చిన్న స్పీకరు పెట్టుకుని అక్కడ కూర్చున్నాను. పిండిమర మోత కూడా ఆ గదిలోకి రాదు. ఇంతకన్నా మంచి స్టూడియో మద్రాసులో కూడా ఉండదనుకున్నాను.

మూడు సాయంత్రాలు రెండూ మార్చి మార్చి వాయించాను. నల్లది ఎన్నిసార్లు విన్నా నిద్రమొహంతో మాట్లాడినట్టే ఉంది. ఎర్రది మాత్రం, శబ్దానికి పదునిచ్చే ట్రెబుల్ బాగా పెంచి, పక్కన ఎకో కూడా దట్టించాక, తీగతీగకూ మెరిసింది. నాలుగోరోజు పొద్దున్నే నాన్నను అడక్కుండానే దుకాణాయనకు ఫోన్ చేసి ఎర్రది మాదేనని చెప్పేశాను. నల్లదాని గురించి రెండు ఎకసెక్కపు మాటలు కూడా అన్నాను.

నాన్న పత్తిగది గుమ్మంలో నిలబడి ఎర్రదాన్ని కాసేపు విన్నాడు. "బానే ఉంది. ఇక్కడ విన్నావు సరే. ఇక్కడెవురున్నారమ్మా వినటానికి?" అన్నాడు.

"బాగుంటే ఎక్కడైనా బాగుంటుంది నాన్నా" అన్నాను.

నాన్న వెంటనే యాంప్లిఫయరు, ఒక గొట్టం, చిన్న జనరేటరు ట్రాలీ రిక్షాలో వేయించి, రెండు పెట్టెలూ నా ఒళ్ళో పెట్టి కూడికల చేను దగ్గరకు తీసుకెళ్ళాడు. పందిరి ఇంకా వెయ్యలేదు. బాదు పాతి గొట్టం కట్టాడు. పక్క చేలో ఆడవాళ్ళు మిరపకాయలు కోస్తున్నారు. నాన్న గట్టు దాటుకుని రెండు చేల అవతలకు వెళ్ళి, కండువా పైకెత్తాడు. వాయించమని.

పత్తిగదిలో ట్రెబుల్, ఎకో ఎలా పెట్టుకున్నానో అలాగే ఎర్రదాన్ని వాయించాను. మొదటి తీగకే నా పళ్ళు జివ్వుమన్నాయి. రెండో వరస మొదలుపెట్టేలోగా మొదటి వరస ఎకో తిరిగొచ్చి దాని మీద పడింది, ఏది ఎక్కడుందో నాకే తెలియలేదు. మిరప చేలో ఒకామె నడుం నిలబెట్టి, చెవి మీద చెయ్యి పెట్టుకుని అరిచింది. "అమ్మాయా, ఏందది, కత్తులు సానబడతన్నావా?"

మిగతావాళ్ళు నవ్వారు. ఒళ్ళు మండింది నాకు. ట్రెబుల్ తగ్గిద్దామని తెర మీదికి వంగితే ఎండకు ఒక్క అక్షరం కనపడలేదు. చేత్తో నీడపెట్టి, ఒక్కో మీట నొక్కుతూ ట్రెబుల్ దగ్గరకు చేరేసరికి జనరేటరు ఒకసారి గుటక వేసింది. ఎర్రది ఆరిపోయి, మళ్ళీ వెలిగి, లైట్లన్నీ ఒక్కొక్కటే లెక్క చూసుకుంటూ కూర్చుంది. నేనూ కూర్చున్నాను. అవతలి గట్టు మీద నాన్న కండువా అలాగే ఎత్తి ఉంచాడు.

నల్లది తగిలించాను. ఏ బటనూ ముట్టుకోలేదు. గదిలో నిద్రమొహంలా ఉన్న అదే శబ్దం, ఆ చేలో, గొట్టంలోంచి, ఒక్కో తీగ విడివిడిగా నిలబడి వచ్చింది. ఎక్కువా కాదు తక్కువా కాదు. జనరేటరు ఇంకోసారి గుటక వేసినా ఇది కన్నుమూసి తెరిచినంతలో అందుకుంది. మిరప చేలో ఆమె, "ఆఁ, ఇది పాటలాగుంది" అని మళ్ళీ వంగి కోతలో పడింది. ఆ ఒక్క మాట కోసం నేను ఎవరినైనా ఎంతైనా బతిమాలి ఉండేదాన్ని, కానీ బయటికి మాత్రం గిటారు తీగలు చూసుకుంటున్నట్టు తల వంచుకున్నాను.

ఇంటికొచ్చాక నాన్న నన్ను పత్తిగదిలో నిలబెట్టి చప్పట్లు కొట్టమన్నాడు. కొట్టాను. మళ్ళీ వాకిట్లోకి తీసుకొచ్చి కొట్టమన్నాడు. కొట్టాను. వాకిట్లో కొట్టినవి ఎదురింటి గోడ దాకా మోగాయి, లోపల కొట్టినవి చేతుల దగ్గరే ఆగిపోయాయి. శబ్దంలో పదునంతా పత్తి తాగేస్తుంటే, అది తాగినంతా నేను ట్రెబుల్ పెంచి ఎర్రదానితో మూడు రోజులు మళ్ళీ పోసుకుంటూ కూర్చున్నాను. నల్లది ఉన్నదున్నట్టు చెబితే దానికి నిద్రమొహమని పేరు పెట్టాను. ఎర్రదానిలో లోపం ఏమీ లేదు. ఏసీ గదుల్లో, మంచి కరెంటున్న చోట, మంచి స్పీకర్ల మీద అది ఎవరికైనా గొప్పగానే పలుకుతుంది. మా చేలో, మా గొట్టాలకి, పాట మధ్యలో చెయ్యి చాపి తిప్పుకోవడానికి నల్లదే సరి.

దుకాణాయనకు మళ్ళీ నేనే ఫోన్ చెయ్యాల్సొచ్చింది. "నల్లది ఉంచుకుంటామండి" అన్నాను గొంతు గట్టిగా పెట్టి, మొదటి ఫోను ఎవరో వేరేవాళ్ళు చేసినట్టు. ఆయన మర్యాదస్తుడు, దాన్ని గుర్తుచెయ్యలేదు.

పత్తిని కూడా నేను తిట్టలేదు. గొంతుల రికార్డింగుకు ఆ గది నిజంగానే బంగారం. కూడికలకు ముందు రెండు వారాల్లో మా ఆడవాళ్ళు ఆరుగురిని ఆ గుంటలో కూర్చోబెట్టి నాలుగు పాటలు పాడించాను. గిటారు నల్లపెట్టె నుంచి నేరుగా కంప్యూటరులోకి వెళ్ళింది, మర మోత లేకుండా. ఈసారి మాత్రం ట్రెబులు, ఎకో ఆ గదిలో తేల్చలేదు. సీడీ చేసి, స్కూలు ఆఫీసు గదిలో ఒకసారి, ఆటోవాడి సీడీ ప్లేయరులో ఒకసారి విని, అప్పుడు మార్చాను. అమ్మ ఆ సీడీ విని, "ఇది మన ఇంట్లో చేసిందేనా?" అని రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ ఔనని చెప్పాను.

మొదటిరోజు సాయంత్రం పందిరి నిండింది. నాన్న నాలుగు గొట్టాలు నాలుగు దిక్కులకు కట్టి, యాంప్లిఫయరు దగ్గర తన స్టూలు మీద కూర్చున్నాడు. హెడ్మాస్టరు గారు ముందు వరసలో నాకు ఎదురుగా. నల్లపెట్టె నా కుడిచేతి పక్కన చెక్కపీట మీద. రెండో పాటలో గాలి మారి గొట్టాల శబ్దం మా మీదికే తిరిగొస్తుంటే, చరణానికీ పల్లవికీ మధ్య చెయ్యి చాపి బటను కొంచెం వెనక్కి తిప్పాను. ఎవరికీ తెలియదు. నాన్నకు తెలిసింది. స్టూలు మీంచి తల ఒకసారి ఊపాడు. అక్కడి నుంచి నాకు హెడ్మాస్టరు గారు కనపడలేదు, గుంటూరు పార్టీ గుర్తురాలేదు. వెయ్యి గొంతులు పాడుతుంటే వాళ్ళ కింద నా గిటారు ఒక్కో తీగా వినపడుతూ నడిచింది. నేను బాగా వాయించాను. చాలా బాగా వాయించాను. ఇందులో వినయం నటించలేను.

ప్రార్థన అయిపోయి జనం లేస్తుంటే హెడ్మాస్టరు గారు యాంప్లిఫయరు దగ్గరకు వచ్చారు. నేను అడుగు దూరంలో వైరు చుడుతున్నాను. ఆయన నన్ను చూడకుండా నాన్నతో, "అయితే రేపు, ఎల్లుండి కూడా అమ్మాయి చేతనే కానిద్దామంటావా?" అన్నారు.

నాన్న ఫ్యూజు చూసుకుంటూ తల ఎత్తలేదు. "నన్నడుగుతారేందండీ. ఎదురుగానే ఉంది గదా. అడగండి."

ఆయన కళ్ళజోడు సర్దుకుని నా వైపు తిరిగారు. "ఏమ్మా, రేపు, ఎల్లుండి వాయిస్తావా?"

మూడు రోజులకీ స్కూలుకు సెలవు పెట్టే వచ్చాను. అయినా వైరు పూర్తిగా చుట్టి, పక్కన పెట్టి, "ఆలోచించుకుని పొద్దున చెబుతానండి" అన్నాను.