బాబాయ్ చెయ్యి, బంగారు గుడ్లగూబ

మా బాబాయ్ చేతికి ఏది తగిలినా దాని బరువు చెప్పకుండా ఉండలేడు. ఉత్తరం కానివ్వండి, ఉల్లిపాయల సంచీ కానివ్వండి, అలా ఒక్కసారి ఎత్తి, కళ్లు సగం మూసి, గ్రాములతో సహా చెప్పేస్తాడు. పక్కింటివాళ్ల పసిపాపని ఎత్తుకుని "మూడు కిలోల రెండొందల పది. ఆస్పత్రివాళ్లు ఎక్కువ రాశారు" అన్నందుకు ఆ తల్లి నెల రోజులు మా గేటు వైపు చూడలేదు. పెళ్లయిన కొత్తలో పిన్ని మెట్ల మీద జారిపడబోతే ఒడుపుగా పట్టుకుని, "దెబ్బ తగిలిందా" అని అడగాల్సిన మనిషి "యాభై నాలుగున్నర" అన్నాడట. పిన్ని ఆ మాటని ఇప్పటికీ ప్రతి గొడవలోనూ బయటికి తీస్తుంది.

తప్పు ఆయనది కాదు, ఉద్యోగానిది. ఇరవై ఆరేళ్లుగా పోస్టాఫీసు పార్సిల్ కౌంటర్లో కూర్చుంటున్నాడు. ఒకసారి కాటా రిపేరుకి వెళ్లి మూడు నెలలు తిరిగి రాలేదు. ఆ మూడు నెలలూ బాబాయ్ చెయ్యే కాటా. అది తిరిగొచ్చాక దానికీ ఈయనకీ నాలుగు గ్రాముల తేడా వచ్చింది. మళ్లీ రిపేరుకి పంపింది కాటానే.

అలాంటి చేతికి బొమ్మల పిచ్చి తోడైంది. చిన్నపిల్లల బొమ్మలు కాదు సుమండీ. వీడియో గేముల్లోని పాత్రలను వినైల్‌తో అరచెయ్యంత ఎత్తున చేసి, రంగులేసి, పెద్దవాళ్లకి అమ్మే బొమ్మలు. బాబాయ్ కుర్రతనంలో ఒళ్లు మరిచి ఆడిన గేమొకటుంది. గుహల్లో దూరి, శత్రువుల నెత్తిన గెంతుతూ నిధి దాకా పోవాలి. అందులో ఇరవై నాలుగు పాత్రలు. ప్రతి బొమ్మా సీలు వేసిన డబ్బాలో వస్తుంది. లోపల ఎవరున్నారో విప్పేదాకా తెలియదు. తెలియదంటే మనకి. బాబాయ్ డబ్బా ఎత్తి "కప్ప మంత్రి" అన్నాడంటే కప్ప మంత్రే.

"సార్, మీకు దణ్ణం పెడతా, చేతులు కట్టుకుని నిలబడండి" అని బొమ్మల దుకాణాయన బతిమాలేవాడు.

అలా ఇరవై మూడు బొమ్మలు కూడాయి. ఇరవై నాలుగోది బంగారు గుడ్లగూబ. దాని నెత్తిన లోహపు కిరీటం ఉండటంతో మిగతా అన్నిటికంటే పదకొండు గ్రాములు ఎక్కువ తూగుతుంది. ఎప్పుడో ఒక ప్రదర్శనలో ఎవరి బొమ్మనో అడిగి రెండు నిమిషాలు అరచేతిలో పెట్టుకున్నాడు, అంతే, చెయ్యి గుర్తుపెట్టుకుంది. మూడేళ్లు వెతికినా దొరకలేదు. హాల్లో అద్దాల బీరువాలో దాని చోటు ఖాళీగా ఉంచి, పైన చిన్న లైటు కూడా పెట్టించాడు.

"ఖాళీకి లైటెందుకండీ?" అంటుంది పిన్ని.

"వచ్చేదానికి దారి తెలియొద్దూ?"

అదే దుకాణానికి కళ్లజోళ్ల షాపావిడ కూడా వచ్చేది. ఆవిడదీ అదే పిచ్చి, అదృష్టం మాత్రం బొత్తిగా లేదు. ఏ డబ్బా తీసినా ఉల్లి సిపాయే. ఆటలో మొదటి గెంతుకే చచ్చే అమాయకుడు వాడు. ఆవిడ దగ్గర అలాంటివాళ్లు పద్నాలుగు మంది పోగయ్యారు. బాబాయ్‌కి జాలేసి, "నేను ఏరిస్తానుండమ్మా, ఒక్క నిమిషం పని" అన్నాడు.

"వద్దండీ బాబూ," అంది ఆవిడ. "ఇన్నేళ్లొచ్చాయి, ఒక్క లక్కీ డ్రాలో నా పేరు రాలేదు. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, దానంతటదే నాకు తగలాలి. మీరు ఏరిస్తే అది మీ చేతి గొప్ప అవుతుంది గానీ నా అదృష్టం ఎలా అవుతుంది?"

నవ్వుతూనే అంది గానీ, కళ్లజోడు తీసి తుడుచుకుంది.

కిందటి నెల ఆ బొమ్మల్లో ఆఖరి పన్నెండు డబ్బాలు వచ్చాయి. ఇక తయారు చెయ్యరట. ఆదివారం పొద్దున్నే క్యూ. బాబాయ్ వెంట నేనూ ఉన్నాను. మా ముందు పదిమంది తీసుకుని అక్కడే విప్పారు, ఒక్కరికీ గుడ్లగూబ రాలేదు. ఇక రెండే డబ్బాలు. ముందు బాబాయ్, వెనక కళ్లజోళ్లావిడ.

బాబాయ్ ఎడమవైపు డబ్బా ఎత్తాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను, ఆ చెవులు ఎర్రబడటం అదే మొదటిసారి.

"ఇంకేముంది, నాకు మళ్లీ ఆ ఉల్లిగాడే" అని వెనక ఆవిడ గొణుక్కుంది.

బాబాయ్ ఒక్క క్షణం ఆగాడు. తర్వాత డబ్బాని ఠప్పున బల్ల మీద పడేశాడు. "ఛీఛీ, ఉల్లి సిపాయి! ఎవడిక్కావాలి ఇది?" అని దుకాణమంతా వినబడేలా అరిచి, రెండో డబ్బాని తూచనైనా తూచకుండా చంకలో పెట్టుకున్నాడు.

ఆవిడ ఉసూరుమంటూ మిగిలినదాన్ని విప్పింది. బంగారు గుడ్లగూబ, కిరీటంతో సహా! ఆవిడ వేసిన కేకకి దుకాణాయన చేతిలో టీ ఒలికింది.

"సార్! మీ చెయ్యి తప్పింది సార్! నాకే తగిలింది, నాకు!"

"అయ్యయ్యో, నా చెయ్యి పడిపోయింది!" అని బాబాయ్ నెత్తి బాదుకున్నాడు. పదిమందీ పాపం అన్నారు. దుకాణాయన మాత్రం అందరికీ టీ తెప్పించాడు.

నేనూ నమ్మేశాను. పెద్దవాడైపోయాడు పాపం అనుకుని దారంతా ఆయన సంచీ నేనే మోశాను. ఇంటికి రాగానే పిన్ని టమాటాల సంచీ బాబాయ్ చేతికిచ్చి లోపల పెట్టమంది.

"కిలో అన్నాడా వాడు? నలభై గ్రాములు కొట్టేశాడు."

వంటింటి కాటా మీద పెట్టి చూశాను. తొమ్మిది వందల అరవై.

"బాబాయ్!"

"ఏంటే?"

"గుడ్లగూబకీ ఉల్లి సిపాయికీ తేడా తెలియలేదా నీకు?"

ఆయన చెవులు మళ్లీ ఎర్రబడ్డాయి. నన్ను బీరువా పక్కకి లాక్కెళ్లాడు. "ఈ మాట ఆవిడ చెవిన పడిందో, నీ పెళ్లిలో మైకు పట్టుకుని నీ బరువు చెప్తా. గ్రాములతో సహా."

నోరు మూసుకున్నాను. ఆ రెండో డబ్బాలో ఉన్నది నిజంగానే ఉల్లి సిపాయి. వాడిప్పుడు బీరువాలో గుడ్లగూబ చోట్లో, లైటు కింద, కత్తి పైకెత్తి నిలబడ్డాడు. బాబాయ్ నాకు ఎంత ముద్దొచ్చాడో చెప్పలేను.

మొన్న పోస్టాఫీసుకి వెళ్తే, కౌంటర్ ముందు కళ్లజోళ్లావిడ పార్సిల్‌తో నిలబడి ఉంది. బాబాయ్ చెయ్యి చాపి అందుకున్నాడు.

"ఆగండాగండి, కాటా మీద పెట్టండి సార్! ఆ చేతిని నమ్మే కదా గుడ్లగూబని వదులుకున్నారు!" అని ఆవిడ పకపకా నవ్వింది. క్యూ అంతా నవ్వింది.

"నిజమేనమ్మా, వయసైపోయింది" అంటూ బాబాయ్ పార్సిల్‌ని బుద్ధిగా కాటా మీదికి దించాడు. దించేలోపు ఆయన పెదాలు కదిలాయి. మూడొందల నలభై రెండు. కాటా కూడా అదే చూపించింది.

"చూశారా, ఎంతైనా కాటా కాటానే" అంది ఆవిడ.

"మరే" అన్నాడు బాబాయ్.