గింజ తీసిన పండు

నౌపడ స్టేషన్లో ఎండవేళ పాసింజరు కోసం కూర్చున్నాను. పక్కనున్న ముసలామె సంచిలోంచి ప్లాస్టిక్ సీసా తీసింది. మూత తిప్పగానే బుస్సుమని నురగ పొంగింది. జీడిమామిడి పండ్ల వాసన గుప్పుమంది. ఆమె ముందు రెండు చుక్కలు నేల మీద వదిలి, "పెద్దలకి" అని గొణిగి, అప్పుడు గుటకేసింది.

ఎదురుగా జీడిగింజల బస్తాను ఆనుకుని కూర్చున్న షావుకారు ఫోన్లోంచి తలెత్తాడు. "ఆడదానివి, నలుగురిలో సారా తాగడానికి సిగ్గులేదా?" అన్నాడు.

"సారా కాదు బావూ, జీడిపండు రసం. మూడ్రోజులు కుండలో పులిసింది. గింజలన్నీ మీరట్టుకెలిపోతారు. పండు సెట్టు కింద కుళ్లిపోతే ఎవులికీ సిగ్గునేదు. నాను తాగితే వచ్చిందేటి?"

అంటూనే మూత నిండా వంచి నాకు చాపింది. "నువ్వు సూసి సెప్పమ్మా, ఎలగున్నాదో."

మాది బాప్టిస్టు కుటుంబం. మద్యం ముట్టనని చిన్నప్పుడే చర్చిలో మాటిచ్చినదాన్ని. నేనూ ఛీకొడతానని షావుకారు నా వైపే ధీమాగా చూస్తున్నాడు. ఆ ధీమా చూసే తాగేశాను. పులుపు, వగరు, చివర్న సన్నని తీపి. నాలుక జివ్వుమంది.

"చాలా బాగుంది" అన్నాను, ఆయనకు వినబడేలా.

ఏటా ఒక ఆదివారం, మద్యం ముట్టనివాళ్లంతా లేచి నిలబడాలని మా పాస్టరుగారు అడుగుతారు. ఆ ఏడాది ఆడవాళ్ల వరసలన్నీ ఎప్పటిలాగే ఒక్కసారిగా లేచాయి. పక్కనుంచి మా అత్తగారు మోచేత్తో పొడిచారు.

నేను లేవలేదు.